ఏడాకులపాల పూసే రోజుల్లో

విశాఖలో అక్టోబరు వచ్చిందంటే ఏడాకులపాల చెట్లు పూస్తాయి. చీకటి పడేసరికి ఆ ఘాటు వాసన వీధంతా కమ్మేస్తుంది. 2014లో హుద్‌హుద్ తుఫానుకు ఊళ్లో చెట్లు కూలిపోయాక మళ్లీ నాటిన వాటిలో ఇవి చాలానే ఉన్నాయి. ఆ పూత రోజుల్లోనే నాకు తెల్లారుతూనే తుమ్ముల మీద తుమ్ములు, కళ్ల దురద, నీళ్లలా కారే ముక్కు. జ్వరం ఉండదు. మామూలు రొంపయితే వారంలో సర్దుకుంటుంది, ఇది నెల దాటినా వదిలేది కాదు. డాక్టరుగారు ఎలర్జీ అన్నారు. పుప్పొడి, దుమ్ము రెండూ పడటం లేదన్నారు.

అత్తయ్య పసుపుకొమ్ము కాల్చి తెచ్చి, "పొగ పీల్చమ్మా, దిబ్బడ వదులుతుంది" అనేవారు. నాకు ఆ పొగతో దగ్గు ఎక్కువై, ఒక రాత్రి పిల్లికూతలు మొదలయ్యాయి. ఆవిడే కంగారుపడి ఆపించేశారు. ఎలర్జీ ఉన్నవాళ్లకు ఏ పొగా మంచిది కాదని డాక్టరుగారు గట్టిగా చెప్పారు. మిరియాల పాలతో గొంతుకు హాయిగా ఉండేది గానీ తుమ్ములు ఆగలేదు.

నిజంగా పనిచేసింది ఉప్పునీళ్లతో ముక్కు కడగడం. నీళ్లు తెర్లించి గోరువెచ్చగా చల్లార్చాలి. కుళాయి నీళ్లు, ఫిల్టర్ నీళ్లు నేరుగా వాడకూడదు, వాటిలో ఉండే సూక్ష్మజీవులు ముక్కు ద్వారా మెదడుకు చేరే ప్రమాదముంది. పావు లీటరుకు అర చెంచా అయోడిన్ లేని ఉప్పు, చిటికెడు వంటసోడా. సింకు మీదకు వంగి, తల పక్కకు తిప్పి, నోటితో ఊపిరి తీసుకుంటూ పై ముక్కులో పోస్తే కింది ముక్కులోంచి బయటికొస్తాయి. మొదట్లో ఉక్కిరిబిక్కిరయ్యాను. ఉప్పు తక్కువైతే చురుక్కుమంటుంది, సరిపోతే ఏమీ తెలియదు. ముక్కు కడుక్కునే జలనేతి చెంబును వాడిన ప్రతిసారీ కడిగి ఆరబెడతాను.

దీనికి తోడు డాక్టరుగారు రాసిన ముక్కు స్ప్రే. అది వెంటనే పనిచేయదు, రోజూ వాడుతుంటే కొన్నాళ్లకు గుణం కనిపిస్తుంది. అందుకే ఇప్పుడు పూత రాకముందే మొదలుపెడుతున్నాను. ముందు ముక్కు కడుక్కుని, ఆ తర్వాతే స్ప్రే. పూత రోజుల్లో బట్టలు డాబా మీద ఆరేయను, బయటి నుంచి రాగానే తలస్నానం చేస్తాను.

ఇప్పుడు రాత్రిళ్లు నిద్రపడుతోంది, తుమ్ములు పొద్దున ఒకటో రెండో. పిల్లికూతలు వినిపిస్తే మాత్రం ఇంటి వైద్యాలన్నీ పక్కన పెట్టి ఆసుపత్రికే వెళ్తాను.