ఇసుక రేణువు మొత్తం ఒకేసారి స్పష్టంగా కనిపించాలంటే

విశాఖ నుంచి భీమిలి దాకా ఉన్న తీరంలో ఇసుకను చిటికెడు తీసుకుని సూక్ష్మదర్శిని కింద పెడితే ఎర్రని గార్నెట్, నల్లని ఇల్మనైట్ రేణువులు కనిపిస్తాయి. అయితే ఏ రేణువూ పూర్తిగా కనిపించదు. పై అంచు తేటపడితే పక్కలు మసకబారతాయి, పక్కలకు ఫోకస్ దించితే పై అంచు కరిగిపోతుంది. 0.25 న్యూమరికల్ ఎపర్చర్ (కటకం ఎంత వెడల్పు కోణం నుంచి వెలుతురును అందుకోగలదో చెప్పే కొలత) ఉన్న పది రెట్ల ఆబ్జెక్టివ్‌తో, అంటే వస్తువుకు దగ్గరగా ఉండే కటకంతో చూసినప్పుడు స్పష్టంగా కనిపించే మందం సుమారు 9 మైక్రాన్లు మాత్రమే. రేణువు ఎత్తు 200 మైక్రాన్లు ఉందనుకుంటే, ఒక్కో చూపులో మనకు అందేది దానిలో ఇరవయ్యో వంతు కన్నా తక్కువ.

ఈ ఇబ్బంది కటకంలోని లోపం వల్ల వచ్చినది కాదు. సూక్ష్మ వివరాలను విడదీసే శక్తి ఎపర్చర్‌తో పాటు పెరుగుతుంది, ఫోకస్‌లో నిలిచే లోతు మాత్రం ఎపర్చర్ వర్గానికి విలోమంగా తగ్గిపోతుంది. ఆబ్జెక్టివ్ ఎపర్చర్‌ను సగానికి మూస్తే లోతు సుమారు నాలుగింతలవుతుంది కానీ వివరం సగానికి పడిపోతుంది, వెలుతురు నాలుగో వంతుకు చేరుతుంది. వివరం కోసమే సూక్ష్మదర్శినిని ఆశ్రయించినవారికి ఇది నష్టపు బేరమే.

కదలని రేణువుకు ఫోకస్‌ను కొద్దికొద్దిగా మారుస్తూ పలు చిత్రాలు తీసి, ప్రతి చిత్రంలోని స్పష్టమైన భాగాలను కంప్యూటర్‌లో కలిపితే సరిపోతుంది. సముద్రపు నీటిచుక్కలో ఈదులాడే కోపెపాడ్ అనే చిన్న జీవికి ఆ పద్ధతి పనికిరాదు.

అక్కడే 1995లో ఎడ్వర్డ్ డౌస్కీ, థామస్ కాథీ ప్రతిపాదించిన మార్గం నాకు అన్నిటికన్నా లోతైన ఆలోచనగా తోస్తుంది. కటకపు ప్యూపిల్ తలంలో, అంటే కటకం గుండా వెలుతురు సాగే ద్వారం దగ్గర, ఘన ప్రమేయం (x³ వంటి మూడో ఘాతపు సూత్రం) ఆకారంలో మలచిన ఒక పారదర్శక ఫలకాన్ని ఉంచితే, అది వెలుతురును ఆపకుండా తరంగముఖాన్ని, అంటే ముందుకు సాగే వెలుతురు అలల ఆకారాన్ని మాత్రమే వంచి, వస్తువు ఫోకస్‌కు పైనున్నా కిందనున్నా దాదాపు ఒకే రకమైన మసకను కలిగిస్తుంది. మసక అంతటా ఒక్కటే కాబట్టి, అది ఎంత లోతు నుంచి వచ్చిందో తెలియకపోయినా, ఒకే గణితంతో చిత్రమంతటి నుంచీ దానిని తొలగించవచ్చు. అలా తొలగించేటప్పుడు కెమెరా నాయిస్ (చిత్రంలో కనిపించే అక్రమమైన చుక్కల మచ్చ) కూడా పెరుగుతుంది. అందువల్ల వెలుతురు తక్కువగా ఉండే ఫ్లోరోసెన్స్ (వస్తువు తానే వెదజల్లే మసక వెలుగును చూసే) పనిలో జాగ్రత్త అవసరం.

ఇల్మనైట్ వంటి అపారదర్శక రేణువుకు మరో చక్కని ఉపాయం ఉంది. ఫోకస్ తలంలోనే పక్కల నుంచి పలుచని వెలుతురు పొరను పరచి, కెమెరా షట్టర్ తెరిచి ఉంచి, రేణువును నెమ్మదిగా ఆ పొర గుండా పైకి జరిపితే, వెలుగు తగిలిన ప్రతి భాగమూ ఫోకస్‌లో ఉన్నప్పుడే నమోదవుతుంది. గార్నెట్‌లోకి మాత్రం వెలుతురు చొరబడి లోపల చెదురుతుంది కనుక, దానికి చిత్రాలను కలిపే పద్ధతినే ఎంచుకుంటాను.