తాతయ్య మిర్చి డైరీలకి పదసూచిక: ఆరో వారం

తాతయ్య డైరీలు మొత్తం పదహారు, 1974 నుంచి 1989 దాకా. ప్రత్తిపాడు దగ్గర మా అమ్మ పుట్టిల్లు, నల్లరేగడి, మూడెకరాల మిరప చేను. నారు పోసిన రోజు, కోతకి వచ్చిన కూలీలు, మిర్చి యార్డుకి తోలిన టిక్కీలు (మిరప బస్తాలు), కాటాలో తగ్గిన తూకం, అన్నీ రాసుకునేవారు. అమ్మ రెండేళ్లు కూర్చుని ఫోన్లో టైపు చేసింది. రోజుకొక ఫైలు, ఫైలు పేరే తేదీ. 3,812 ఫైళ్లయ్యాయి.

ఇక నా పని, ఏ మాట ఏ తేదీల్లో వచ్చిందో చెప్పే సూచిక తయారు చేయడం. వెతకడానికైతే ఫైళ్లలో మాట ఎక్కడుందో చూపే గ్రెప్ కమాండు ఒక్కటి చాలు. కానీ వెతకాలంటే ఆయన ఏ మాట వాడారో ముందే తెలిసుండాలి. సూచిక అయితే ఆయన మాటలన్నీ వరసగా మన ముందు పెడుతుంది.

మొదటి వారం, ఒక అక్షరం బదులు ఇంకోటి పెట్టే టీఆర్ కమాండుతో పోయింది. ఒక్కో మాట ఒక్కో వరుసలో రావాలని 'అ నుంచి హ దాకా ఉన్నవి తప్ప మిగతా వాటి చోట కొత్త వరుస పెట్టు' అని ఇచ్చాను. 'మిరప' చక్కగా వచ్చింది. 'నారు' మాత్రం 'నార' అయ్యి, పక్కన ఏదో చెత్త గుర్తు వచ్చింది. కారణం ఏమిటంటే, నా దగ్గరున్న టీఆర్ అక్షరాలు చూడదు, బైట్లు చూస్తుంది. యూటీఎఫ్-8లో (కంప్యూటరు అక్షరాల్ని బైట్లనే చిన్న ముక్కలుగా దాచుకునే పద్ధతిలో) తెలుగు అక్షరానికి, గుణింతపు గుర్తుకి కూడా మూడేసి బైట్లు. కొమ్ము, గుడిదీర్ఘాల చివరి బైటు నేనిచ్చిన హద్దులో పడలేదు. అవి ఉన్న ప్రతి మాటా తెగిపోయింది.

తర్వాత గ్రెప్‌కే వచ్చాను. కమాండు పక్కన చిన్న ఓ (-o) ఇస్తే వరుసంతా కాకుండా దొరికిన మాట ఒక్కటే ఇస్తుంది. పెద్ద హెచ్ (-H) ఇస్తే ముందు ఫైలు పేరు, అంటే తేదీ, చేరుస్తుంది. పెద్ద పీ (-P) ఇస్తే పెర్ల్ అనే ప్రోగ్రామింగ్ భాష పద్ధతి నమూనాలు వాడుకోవచ్చు, అందులో 'తెలుగు లిపి' అని నేరుగా చెప్పొచ్చు. అయినా 'క్వింటాల్‌కు' రెండు ముక్కలైంది. 'ల్' తర్వాత కంటికి కనపడని ఒక గుర్తు ఉంటుంది, పొల్లు పక్క అక్షరంతో కలిసి ఒత్తుగా మారకుండా ఆపేది. అది యూనికోడ్‌లో (అన్ని లిపుల అక్షరాలకీ నంబర్లిచ్చే పట్టికలో) తెలుగు లిపి కింద లేదు. దాన్ని కూడా నమూనాలో చేర్చాక మాటలు నిలిచాయి.

అక్కడి నుంచి సులువే. వరసలో పేర్చే సార్ట్ కమాండుని మైనస్ యూ (-u)తో నడిపితే ఒకే రోజు రెండుసార్లు వచ్చిన మాట ఒకసారే మిగులుతుంది. తర్వాత, వరుసలు ఒక్కోటీ చదివి పని చేసే ఆక్ కమాండు ఒక్కో మాట కింద తేదీలన్నీ పోగేస్తుంది. యూనికోడ్ వరస మన నిఘంటువు వరసకి దగ్గరగానే ఉంది కానీ, 'ళ' మాత్రం 'ల' పక్కనే వచ్చేస్తుంది. ప్రస్తుతానికి అలాగే వదిలేశాను.

అసలు కష్టం ప్రత్యయాలతో వచ్చింది. కల్లం, కల్లంలో, కల్లానికి, కల్లాలు, కల్లాల్లో. ఒక్క మాటకి ఐదు పద్దులు. లో, కు, కి, ని, లు చివర ఉంటే కోసెయ్యమని సెడ్‌కి (పాఠంలో మార్పులు చేసే కమాండుకి) చెప్పాను. 'కొడుకు' కాస్తా 'కొడు' అయ్యింది. 'పని' 'ప' అయ్యింది. 'తాలు' 'తా' అయ్యింది. పైగా 'కల్లానికి' ఎంత కోసినా 'కల్లా' దగ్గరే ఆగింది, 'కల్లం' కాలేదు.

ఆ జాబితా అమ్మకి చూపించాను. "తాలు అంటే తెల్లబడిపోయిన కాయరా, దానికి రేటు సగం కూడా రాదు. మీ తాతయ్య ప్రతి కోతకీ తాలు ఎంతొచ్చిందో విడిగా రాసేవాడు. దాన్ని కోసేస్తే ఎట్లా?" అంది. ఆ రోజే సెడ్ తీసేశాను.

ఇప్పుడు రెండు నిలువు వరసల ఫైలు ఒకటి పెట్టుకున్నాం. ఎడమవైపు డైరీలో ఉన్న రూపం, కుడివైపు అది చేరాల్సిన మాట. ఆక్ ముందు ఈ ఫైలు చదువుతుంది, తర్వాతే డైరీల్లోకి వెళుతుంది. ఫైల్లో లేని మాటని ముట్టుకోదు. విడి రూపాలు 9,140 వచ్చాయి. 'అని', 'ఈరోజు' లాంటివీ, ఒక్కసారే వచ్చిన చాలా మాటలూ పక్కన పెడితే 2,300 దాకా మిగిలాయి. రాత్రి భోజనాలయ్యాక నేను చదువుతుంటే అమ్మ చెబుతుంది. కల్లం, కళ్లం రెండూ ఒకటే అని తేల్చింది. చేను, చేలో, చేలు కూడా కలిపింది. రోజుకి అరవై మాటలు తెమిలితే ఎక్కువ. ఈ పని ఏ ప్రోగ్రాముకి అప్పగించినా ఇంత నమ్మకంగా ఉండదని నాకు గట్టిగా అనిపిస్తోంది.

మొన్న 'గ' అక్షరంలో ఒకటి జరిగింది. 1977 నవంబరు 19న దివిసీమని ఉప్పెన ముంచేసిన తుఫాను గురించి తాతయ్య ఏమైనా రాశారా అని మొదట్లోనే వెతికాను. 'తుఫాను' అని పదహారు డైరీల్లో ఒక్కచోటా లేదు. రాయలేదేమో అనుకున్నాను. ఇప్పుడు సూచికలో 'గాలివాన' అనే పద్దు కింద ఏడు తేదీలు కనిపించాయి, అందులో ఒకటి 1977 నవంబరు 20. ఫైలు తెరిస్తే మూడే వరుసలు: "రాత్రంతా గాలివాన. గొడ్ల పాక లేచిపోయింది. చేనంతా పడుకుంది."

అమ్మ అది టైపు చేసినట్టు గుర్తే లేదంది. మళ్లీ చదివించుకుంది. తర్వాత 'తుఫాను: గాలివాన చూడండి' అని ఒక వరుస చేర్పించింది. అలా పక్కదారి చూపే పద్దులకి ఇంకో ఫైలు మొదలుపెట్టాం, ఇప్పటికి పదకొండు ఉన్నాయి. రేపు 'చ' మొదలు.