మెటల్ ఆల్బమ్‌కు ఎనిమిది పాటలు

గిటార్లు, డ్రమ్ముల హోరుతో సాగే రాక్ సంగీతమైన మెటల్‌లో ఒక ఆల్బమ్‌కు ఎన్ని పాటలుండాలని ఎవరడిగినా నేను ఎనిమిది అనే చెబుతాను. బ్లాక్ సబ్బాత్ బృందం 1970 నాటి 'పారనాయిడ్'లోనూ, ఐరన్ మెయిడెన్ 1984 నాటి 'పవర్‌స్లేవ్'లోనూ, మెటాలికా 1986 నాటి 'మాస్టర్ ఆఫ్ పపెట్స్'లోనూ ఉన్నవి ఎనిమిదే. పాటలను గాడులుగా రెండు వైపులా చెక్కే ఎల్పీ రికార్డులో ఒక్కో వైపు ఇరవై, ఇరవై అయిదు నిమిషాలకు మించి నింపితే గాడులు ఇరుకై శబ్దం బలహీనపడుతుంది. అయిదారు నిమిషాలు సాగే పాటలైతే వైపుకు నాలుగు సరిగ్గా సరిపోతాయి.

అయితే నాకు ఈ లెక్క కంటే వినికిడి ముఖ్యం. 'మాస్టర్ ఆఫ్ పపెట్స్'లో ఏడో పాట 'ఓరియన్' మాటలు లేకుండా ఎనిమిది నిమిషాలకు పైగా నడుస్తుంది. మధ్యలో అన్నీ సద్దుమణిగి బాస్ గిటారు ఒక్కటే మెల్లగా అడుగులు వేస్తుంది. అంతసేపూ డ్రమ్ముల దెబ్బలు తిన్న చెవికి అక్కడ ఊపిరి అందుతుంది. ఆ పాట క్రమంగా సన్నగిల్లి మాయమయ్యాక, చివరి పాట దూరం నుంచి ఉబికివచ్చే బాస్ స్వరాలతో మొదలై ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. ఆ దెబ్బ తగలాలంటే వినేవాడిలో ఇంకా కొంత సత్తువ మిగిలి ఉండాలి.

సీడీ వచ్చాక ఈ పొదుపు పోయింది. అదే మెటాలికా 1996లో 'లోడ్' ఆల్బమ్‌లో 14 పాటలు పెట్టి, డిస్క్ నిండేలా దాదాపు 79 నిమిషాలు సాగదీసింది. అందులో మంచి పాటలున్నాయి, చివరి పాట నాకు ప్రాణం. కానీ దాని దాకా వచ్చేసరికి చెవి అలసిపోతుంది, నాలుగైదు పాటలు పక్కన పెట్టి ఉంటే దానికి దక్కవలసిన శ్రద్ధ దక్కేది.

నా లెక్కకు లొంగని ఆల్బమ్ ఒకటుంది: స్లేయర్ 1986 నాటి 'రెయిన్ ఇన్ బ్లడ్'. పది పాటలున్నా మొత్తం 29 నిమిషాలే కాబట్టి అక్కడ పదీ సబబే. చివరి పాటలో గిటార్లు ఆగిపోయాక కొంతసేపు వాన చప్పుడు మాత్రమే వినిపిస్తుంది. పదకొండో పాట పెట్టి ఉంటే ఆ వానను ఎవరూ చివరిదాకా వినేవారు కాదు.