ఒకే ప్రాజెక్టు, రకరకాల ప్యానెళ్లు

పటాన్‌చెరు దగ్గర ఒక ఫ్యాక్టరీలో టచ్ ప్యానెళ్ల (ఆపరేటర్లు మెషిన్లను చూసుకునే, నడిపే స్క్రీన్లు) పని ఈ వారం పూర్తయింది. ఏడంగుళాలది 800×480 పిక్సెళ్లు, పదంగుళాలది 1024×600. ఒక డిజైన్‌నే అటూ ఇటూ సాగదీస్తే అక్షరాలు పాడవుతాయి, బటన్లు ఇరుకవుతాయి. అందుకే ట్యాగ్‌లు (మెషిన్ విలువలకు పెట్టే పేర్లు), అలారాలు అన్నిటికీ ఒకటే ఉంచి, స్క్రీన్ అమరిక మాత్రం సైజును బట్టి విడిగా చేశాం. ఐపీ అడ్రస్, మెషిన్ పేరు సెట్టింగ్స్ ఫైల్‌లోంచి వస్తాయి.

నాకు బాగా నచ్చింది రంగులు తగ్గించడం. బూడిద రంగు నేపథ్యం, ఎరుపు అలారానికే. నైట్ షిఫ్ట్ ఆపరేటర్ గ్లవుజులు తీయకుండానే (ఒత్తిడికి పనిచేసే రెసిస్టివ్ టచ్ కదా) నొక్కి చూసి, "ఏది ఆగిందో దూరం నుంచే తెలుస్తోంది సార్" అన్నాడు. చాలా సంతోషమేసింది.

ఎమర్జెన్సీ స్టాప్ మాత్రం ఎవరడిగినా స్క్రీన్ మీదికి తేను. దానికి వైరింగ్‌తో వచ్చే అసలు బటనే ఉండాలి.