నేను లేని రోజు ఎవరు చెప్తారు?

టాంజానియాలో వాలంటీరు టీచరుగా ఉండగా మలేరియాతో తొమ్మిది రోజులు మంచం పట్టాను. పదో రోజు బడికెళ్లి ఫారం వన్ (అక్కడి హైస్కూలు మొదటి తరగతి) పిల్లల నోటుపుస్తకాలు తిరగేస్తే, నేను ఆపిన చోటే అన్నీ ఆగి ఉన్నాయి. భిన్నాల కూడిక సగంలో ఉంది. ఆ తొమ్మిది రోజుల్లో ఒక్క లెక్క జరగలేదు.

ఆ బడికి లెక్కల మాస్టారు లేరా అంటే, ఉన్నారు. నేను రాగానే హెడ్మాస్టారు ఆయన్ని స్టోరు పనికీ హాజరు రిజిస్టర్లకీ మార్చారు. ఇండియా నుంచి మేడమ్ వచ్చింది కదా, లెక్కలు ఆవిడే చూసుకుంటుందని. నేనూ ఒక్క మాట అడగలేదు. ఇరవై మూడేళ్లు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో లెక్కలు చెప్పినదాన్ని, క్లాసు చేతికిస్తే కాదంటానా? సంతోషంగా తీసుకున్నాను. బడికి మేలు చేస్తున్నాననుకుంటూ ఉన్న మాస్టారిని పక్కకి జరిపేశానని ఆ రోజు నోటుపుస్తకాలు చూశాకే తెలిసింది.

మాది పలాస. వాలంటరీ రిటైర్మెంటు తీసుకుని 2018 జనవరి నుంచి 2019 డిసెంబరు దాకా టాంజానియా దక్షిణాన, మొజాంబిక్ సరిహద్దుకి దగ్గరున్న మ్త్వారా ప్రాంతంలో వాలంటీరు టీచరుగా ఉన్నాను. ఈ మధ్య నా పాత విద్యార్థులు ఇద్దరు ఇలాంటి పనికే వేరే దేశాలకి వెళ్తూ, 'మేడమ్, ఏం పట్టుకెళ్లాలి?' అని ఫోన్ చేశారు. సామాన్ల సంగతి తర్వాత చూద్దాం. మిమ్మల్ని పంపే సంస్థని ముందు ఒక ప్రశ్న అడగండి: ఈ పని ఇప్పుడు అక్కడ ఎవరు చేస్తున్నారు, నేను వచ్చేశాక ఎవరు చేస్తారు? దానికి సూటిగా జవాబు రాకపోతే ఆ చోటికి వెళ్లొద్దు.

రెండో ప్రశ్న డబ్బు గురించి. ఎదురు మనల్నే వేలకి వేలు కట్టమని, రెండు వారాలు ఫలానా దేశంలో అనాథ పిల్లలతో గడపమని చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. దయచేసి వాటికి దూరంగా ఉండండి. అలాంటి చోట్ల ఉన్న పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో బతికే ఉంటారు. చూడ్డానికి వచ్చేవాళ్లు ఉన్నారు కాబట్టే పిల్లల్ని ఇంటి నుంచి తెచ్చి పెడతారు. రెండు వారాలకోసారి ఎవరో కొత్తవాళ్లు వచ్చి ముద్దు చేసి వెళ్లిపోతుంటే ఆ పసివాళ్లకి ఎలా ఉంటుందో ఒక్కసారి ఊహించుకోండి. ఐక్యరాజ్యసమితి వాలంటీర్ల కార్యక్రమం 1970లో మొదలైంది, దాని ముఖ్య కార్యాలయం జర్మనీలోని బాన్‌లో ఉంది. వాళ్లు అభ్యర్థుల దగ్గర ఏ దశలోనూ డబ్బు తీసుకోరు, పైగా అక్కడ బతకడానికి నెలనెలా భత్యం ఇస్తారు. ఏ సంస్థనైనా దాంతో పోల్చి చూసుకోండి.

ఇక కాగితాలు. టూరిస్టు వీసా మీద వెళ్లి బడిలో పాఠం చెప్తే అది నేరం. టాంజానియాలో వాలంటీర్లకి క్లాస్ సి రెసిడెన్స్ పర్మిట్ అని వేరే ఉంది, సంస్థే దరఖాస్తు పెట్టాలి. 'ముందు వచ్చేయండి, తర్వాత చూద్దాం' అంటే కదలొద్దు. పాస్‌పోర్టు ఆఫీసు నుంచి పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్, డిగ్రీల నోటరీ కాపీలు నాలుగేసి దగ్గర పెట్టుకోండి. ఎల్లో ఫీవర్ టీకా ప్రతిచోటా వెయ్యరు. నేను విశాఖ పోర్టు హెల్త్ ఆఫీసులో వేయించుకున్నాను. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. తిరిగి వచ్చేటప్పుడు కెన్యా, ఇథియోపియా లాంటి దేశాల మీదుగా వస్తే టీకా వేసినప్పుడు ఇచ్చే పసుపు కార్డు మన విమానాశ్రయంలోనే అడుగుతారు. లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు.

మలేరియా నాకు ఎలా వచ్చిందో చెప్పాలి. డాక్టరు రాసిచ్చిన నివారణ మాత్రలు నాలుగు నెలలు మింగాను. దోమతెర ఉంది, ఒళ్లు అలవాటు పడింది అనుకుని ఐదో నెలలో ఆపేశాను. ఆ నెలాఖరుకే చలిజ్వరం. అక్కడి వాళ్లు చిన్నప్పటి నుంచి ఆ జ్వరంతో పెరిగినవాళ్లు. మనకి ఆ నిరోధం ఉండదు, ప్రాణం మీదికి వస్తుంది. జ్వరం వచ్చిన రోజే వేలు గుచ్చి పరీక్ష చేయించుకోండి, చిన్న డిస్పెన్సరీలో కూడా చేస్తారు. మందుని అక్కడ 'మ్సెటో' అంటారు. మూడు రోజులు, ఆరు మోతాదులు. నూనె తగిలిన తిండితో కలిపి వేసుకుంటే ఒంటికి పడుతుంది. జ్వరం తగ్గిందని మధ్యలో మానకూడదు. ఇంటికి వచ్చిన కొన్ని నెలల వరకు ఏ జ్వరం వచ్చినా మన డాక్టరుకి 'ఆఫ్రికాలో ఉండి వచ్చాను' అని మొదటి మాటగా చెప్పండి.

భాష గురించి ఎంత చెప్పినా తక్కువే. నేను వెళ్లిన కొత్తలో తల్లిదండ్రుల మీటింగుకి 'సా న్నె' కి రమ్మన్నారు. 'న్నె' అంటే నాలుగు. సాయంత్రం నాలుగింటికి చీర మార్చుకుని వెళ్తే బడికి తాళం. స్వాహిలీ లెక్కలో రోజు ఉదయం ఆరింటికి మొదలవుతుంది, నాలుగో గంట అంటే మన పది. అరవై మంది తల్లిదండ్రులు నాకోసం చూసి వెళ్లిపోయారు. ఆలోచిస్తే మన పెద్దవాళ్లు ఘడియలు లెక్కపెట్టిందీ సూర్యోదయం నుంచే. అప్పటి నుంచి ఎవరు టైము చెప్పినా 'పొద్దున్నా, సాయంత్రమా' అని అడిగేదాన్ని. వెళ్లేలోపు పెద్దవాళ్లకి పెట్టే నమస్కారం ఒక్కటైనా నేర్చుకోండి: 'షికమో'. వాళ్లు 'మరహబా' అంటారు. నాకన్నా పదేళ్లు పెద్దావిడ మొదటిసారి 'మరహబా, మ్వాలిము' అన్నప్పుడు నాకు కళ్లు చెమర్చాయి. మ్వాలిము అంటే టీచరు. వాళ్ల మొదటి అధ్యక్షుడు జూలియస్ న్యెరేరే కూడా బడిపంతులే. ఆ దేశమంతా ఆయన్ని ఇప్పటికీ మ్వాలిము అనే తలుచుకుంటుంది.

కొన్ని మాటలు మనకి ముందే తెలిసినట్టుంటాయి. లెక్క 'హెసాబు', భీమా 'బిమా', దుకాణం 'దుకా', లక్ష 'లకి'. ప్రైమరీ బడిలో ఏడేళ్లు స్వాహిలీలో చదివిన పిల్లలు ఫారం వన్‌లో ఒక్కసారిగా ఇంగ్లిష్‌లో పడతారు. పదో తరగతి తెలుగు మీడియంలో చదివి ఇంటర్‌లో ఇంగ్లిష్ మీడియం చేరిన మన పిల్లల ముఖాలే అక్కడా కనిపించాయి. లెక్క వచ్చు, ప్రశ్న అర్థం కాదు. నేను వాళ్లకి చేసిన మేలంటూ ఉంటే, ఆ భయం ఏమిటో నాకు ముందే తెలిసి ఉండటమే.

తిండికి ఇబ్బంది పడలేదు. పెసలు ఉన్నాయి, తోటకూర ఉంది, కొబ్బరిపాలు పోసి వండిన కందులు ఉన్నాయి. కందుల దగ్గర మాత్రం నా నోట మాట రాలేదు. ఊళ్లో ఒక రైతు నన్ను అడిగాడు, 'మీ దేశం మా కందులు కొనడం ఎందుకు మానేసింది?' అని. 2017 ఆగస్టులో మన ప్రభుత్వం కందుల దిగుమతికి ఏడాదికి రెండు లక్షల టన్నులని పరిమితి పెట్టింది. మన రైతులకి ధర నిలబెట్టాలని. మనకి అది పేపర్లో ఒక వార్త. అక్కడ ఆ ఏడాది కందుల ధర కూలిపోయింది, ఇళ్లల్లో పంట అలాగే ఉండిపోయింది. నేను సేవ చెయ్యడానికి వచ్చాననుకుంటున్నాను, ఆయనకి నేను పంట కొనడం మానేసిన దేశం మనిషిని. వెళ్లే ముందు ఆ ఊరికీ మన దేశానికీ మధ్య ఏముందో చదువుకుని వెళ్లండి. నేను చదువుకోలేదు.

బడిలో కర్ర ఉంటుంది. అక్కడి నిబంధనలు కొన్ని హద్దులు పెట్టి అనుమతిస్తాయి. మొదటిసారి చూసినప్పుడు స్టాఫ్‌రూమ్‌లో గట్టిగా మాట్లాడేశాను. అందరూ మర్యాదగా విన్నారు, వారం రోజులు నాతో ఎవరూ సరిగా మాట్లాడలేదు. మన దగ్గర 2009 విద్యాహక్కు చట్టం వద్దన్నాక కర్ర ఒక్కరోజులో పోయిందా? పోలేదు, నా కళ్లారా చూశాను. తర్వాత హెడ్మాస్టారిని విడిగా కలిసి ఒకటే అడిగాను: లెక్క తప్పు చేసినందుకు మాత్రం ఏ పిల్లా దెబ్బ తినకూడదని. ఒప్పుకున్నారు. ఆలస్యంగా వచ్చినవాళ్లకి మాత్రం దెబ్బలు తప్పలేదు. ఆ బాధ నాతోనే ఉంది.

ఇప్పుడు 2018 అక్టోబరు గురించి. మ్త్వారా జీడి ప్రాంతం. మా ఉద్దానంలాగే జీడి, కొబ్బరి. నేను అక్కడ ఉండగలిగింది సగం ఆ చెట్లవల్లే. ఆ నెల పదకొండు తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. పొద్దున్నే అమ్మకి చేస్తే ఫోన్ లేదు. చెల్లికి లేదు. పక్కింటివాళ్లకి లేదు. కరెంటు స్తంభాలు పడిపోయి జిల్లాలో సగం చీకటి. నాలుగు రోజులు ఒక్క మనిషి గొంతు వినలేదు. నా దగ్గరున్న నంబర్లన్నీ ఆ చుట్టుపక్కల ఊళ్లవే, వాటిలో ఒక్కటీ పనిచెయ్యలేదు. ఐదో రోజు విశాఖ వెళ్లి ఫోన్ చేసిన పెద్దమ్మ కొడుకు, అమ్మ బాగుందని చెప్పి, 'ఇక్కడ మన ఊరు ఎగిరిపోనాది. నువ్వు అక్కడ ఎవులకో లెక్కలు చెప్తన్నావు' అన్నాడు. అన్నయ్య కోపంలో న్యాయం ఉంది. మా నాన్న పాతిన ఎకరంన్నర జీడితోట వేళ్లతో సహా లేచిపోయింది.

వచ్చేద్దామనుకున్నాను. అప్పుడు తెలిసింది, ఏడాది నిండకుండా వెళ్తే టికెట్టు ఖర్చు నాదేనని, తిరిగి తీసుకుంటారన్న హామీ కూడా లేదని. సంతకం పెట్టే రోజు ఆ పేరా నేను చదవలేదు. మీరు చదవండి. ఇంట్లో ఆపద వస్తే ఎన్ని రోజులు పంపుతారు, టికెట్టు ఎవరు కొంటారు, అడిగి రాయించుకోండి. చెల్లికో తమ్ముడికో పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చి వెళ్లండి. బ్యాంకు ఓటీపీల కోసం మన సిమ్ రోమింగ్‌లో బతికించి ఉంచండి. అన్నిటికన్నా ముఖ్యం, మీ జిల్లాలో లేని ఒక మనిషి నంబరు: హైదరాబాదులోనో విశాఖలోనో ఉండి, మీ ఇంటికి మనిషిని పంపగలిగిన వాళ్లది.

ఆ వారం సాయంత్రాలు టీచర్లు ఒక్కొక్కరే నా గదికి వచ్చారు. 'పోలె సనా, మ్వాలిము' అని కూర్చునేవారు. అయ్యో పాపం అన్నట్టుండే మాట, దానికి తెలుగులో సరిగ్గా సరిపోయేది నాకు దొరకలేదు. వాళ్లందరికీ జీడితోటలున్నాయి. ఎన్ని చెట్లు పడ్డాయని అడిగారు, ఎంత వయసువని అడిగారు. పడిన చెట్టు స్థానంలో ఇంకోటి కాపుకి రావాలంటే ఎన్నేళ్లో వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. అప్పుడు వాళ్ల పరిస్థితీ బాగాలేదు. వేలంలో ధర లేక రైతులు జీడిపిక్కలు అమ్మం అన్నారు. నవంబరులో అప్పటి అధ్యక్షుడు మగుఫులి కిలో 3,300 షిల్లింగులకి ప్రభుత్వమే కొంటుందని సైన్యాన్ని దింపారు. డబ్బు చేతికి రావడం చాలా ఇళ్లలో ఆలస్యమైంది. ఆ కష్టంలో ఉండి కూడా నా తోట గురించి అడిగారు.

2019 జూన్‌లో సెలవుకి వచ్చి జులైలో తిరిగి వెళ్లాను. సామాన్ల సంగతి చెప్తానన్నాను కదా. ఆ జూన్ ఒకటి నుంచి టాంజానియాలో ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు నిషేధం. అమ్మ ఆవకాయ సీసాలకి మూడేసి కవర్లు చుట్టి పంపింది. విమానాశ్రయంలో కవర్లన్నీ తీయించి అక్కడే పడేయించారు. సీసాలు తువాళ్లలో చుట్టుకుని బస్సెక్కాను. గుడ్డ సంచులు, మూత గట్టి స్టీలు డబ్బాలు పట్టుకెళ్లండి. టార్చి, చదివే కళ్లద్దాలు రెండు జతలు, రోజూ వేసుకునే మందులు చీటీతో సహా. చాక్‌పీసులు, పెన్నులు మాత్రం అక్కడే కొనండి, ఆ దుకాణదారుకీ బేరం కావాలి.

ఆ రెండో టర్ములో హెడ్మాస్టారితో కూర్చుని లెక్కల మాస్టారిని క్లాసుకి తెప్పించుకున్నాను. నేను చివరి బెంచీలో కూర్చున్నాను. మొదట్లో ఆయన నావైపు చూస్తూ బిగుసుకుపోయేవారు, నేను రాని రోజుల్లో బాగా చెప్పేవారని పిల్లలు చెప్పారు. అందుకని వారానికి రెండు రోజులు కావాలనే వెళ్లేదాన్ని కాదు. ఒకరోజు ఆయన జీడిపిక్కలు కొలిచే గిన్నె తెచ్చి భిన్నాలు మళ్లీ మొదలుపెట్టారు. గిన్నెలో సగం, సగంలో సగం. దళారి గిన్నె ఎంత వెలితిగా కొలుస్తాడో పిల్లలే లెక్క కట్టారు. ఏడాదిన్నర నల్లబల్ల మీద నేను గీసిన గుండ్రాలన్నీ ఆ గిన్నె ముందు చాలవు. సాయంత్రం ఆయనకి మా కుంచం, అడ్డ, మానిక బొమ్మలు గీసి చూపించాను. రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. ఆయన వాటిని తన నోటుపుస్తకంలో రాసుకున్నారు.

నవంబరు మొదటి వారంలో పెన్షన్ లైఫ్ సర్టిఫికెట్ మీద సంతకం కోసం దారెస్సలాంలో మన హైకమిషన్‌కి వెళ్లాల్సి వచ్చింది. రానూపోనూ బస్సు, మధ్యలో శని, ఆదివారాలు, మొత్తం ఆరు రోజులు. తిరిగొచ్చి పిల్లల నోటుపుస్తకాలు తీసి చూశాను. త్రికోణమితిలో రెండు అభ్యాసాలు పూర్తయ్యి, మూడోది మొదలై ఉంది.