రెంటచింతలలో కుండ నీళ్లు చల్లగా ఉంటాయి, విశాఖలో ఎందుకు ఉండవు?

"మేడం, ఎండ మన దగ్గరే ఎక్కువ కదా, మరి కుండ నీళ్లు కూడా మన దగ్గరే చల్లగా ఉంటాయేంటి? వైజాగ్‌లో మా పిన్ని వాళ్లింట్లో కుండలో నీళ్లు అస్సలు చల్లగా లేవు."

వేసవి సెలవుల తర్వాత తొమ్మిదో తరగతి అమ్మాయి అడిగింది. నేను పల్నాడులో ఒక ప్రభుత్వ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. రెంటచింతల మాకు దగ్గరే. మే నెల వస్తే చాలు, 44, 45 డిగ్రీలంటూ టీవీలో ఆ ఊరి పేరు వినిపిస్తూనే ఉంటుంది. అంత ఎండలో నీళ్లు చల్లగా, పది డిగ్రీలు తక్కువున్న విశాఖలో అంతంత మాత్రంగా. నాకు ఎంతో నచ్చిన ప్రశ్న ఇది. "కుండకు సన్నని రంధ్రాలుంటాయి, వాటిలోంచి నీరు ఆవిరవుతుంది, అందుకే చల్లబడుతుంది" అని పరీక్షలో రాస్తే మార్కులు పడతాయి. ఆ జవాబు తప్పు కాదు, కానీ ఇక్కడ సరిపోదు. విశాఖ కుండకూ రంధ్రాలు ఉన్నాయి.

ముందు ఆవిరి సంగతి చూద్దాం. నీటిలో అణువులన్నీ ఒకే వేగంతో కదలవు. బాగా వేగంగా ఉన్నవే పక్కవాటి పట్టు విడిపించుకుని గాల్లోకి వెళ్లగలవు. తరగతిలో ఎక్కువ మార్కులు వచ్చే పిల్లలు వేరే బడికి వెళ్లిపోతే క్లాసు సగటు పడిపోయినట్టు, వేగమైన అణువులు పోతే మిగిలిన నీటి సగటు వేగం తగ్గుతుంది. ఉష్ణోగ్రత అంటే ఆ సగటే. అందుకే మిగిలిన నీళ్లు చల్లబడతాయి.

ఎంత చల్లబడతాయో లెక్క వేసి చూపిస్తే పిల్లల కళ్లు పెద్దవవుతాయి. ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడి చేయడానికి ఒక క్యాలరీ చాలు. అదే గ్రాము నీరు మామూలు వేసవి ఉష్ణోగ్రతలో ఆవిరి కావాలంటే దాదాపు 580 క్యాలరీలు కావాలి. పొయ్యి లేదు, కరెంటు లేదు, ఆ వేడి ఎక్కడినుంచి వస్తుంది? కుండ గోడ నుంచి, లోపలున్న నీళ్ల నుంచి. పది లీటర్ల నీళ్లు 35 డిగ్రీల నుంచి 25కు దిగాలంటే లక్ష క్యాలరీలు పోవాలి. 580తో భాగించండి, సుమారు 170 గ్రాములు వస్తుంది. ఒక గ్లాసుకు తక్కువ నీళ్లు ఆవిరైపోతే పది లీటర్లు పది డిగ్రీలు చల్లబడతాయన్నమాట. బయటి వేడి లోపలికి వస్తూనే ఉంటుంది కాబట్టి నిజానికి ఇంకొంచెం ఎక్కువే పోతుంది. పొద్దున నిండుగా పోసిన కుండ సాయంత్రానికి వెలితి పడేది ఇందుకే, కారిపోయి కాదు.

ఇదంతా జరగాలంటే నీరు కుండ బయటి ముఖం దాకా రావాలి. అందుకే కొన్నిచోట్ల కుమ్మరులు మట్టిలో ఇసుకో ఊకో కలుపుతారు. ఆవంలో ఊక కాలిపోయి, దాని చోటు ఖాళీగా మిగులుతుంది. ఇప్పుడు బజార్లో పువ్వులూ నెమళ్లూ వేసిన రంగు కుండలు అమ్ముతున్నారు, చూడటానికి బాగుంటాయి. ఆయిల్ పెయింట్ పూసిన మేరకు దారులు మూసుకుపోయినట్టే. అలాంటి కుండ ఇత్తడి బిందెకు పెద్దగా తేడా లేకుండా పనిచేస్తుంది. మీరు నీళ్ల కోసం కొంటున్నారంటే రంగు లేనిదే తీసుకోండి.

పాత కుండ ఎందుకు చల్లబరచదని కూడా చాలామంది అడుగుతారు. మా వైపు బోరు నీళ్లలో ఉప్పులు ఎక్కువ. నీరు ఆవిరై వెళ్లిపోతుంది, ఉప్పు వెళ్లదు. కుండ బయట తెల్లగా పొడిలాగా పట్టేది అదే. లోపల సన్న దారుల్లో కూడా అదే పేరుకుంటుంది. మా అత్తయ్యగారు ఏటా ఎండాకాలం మొదట్లోనే కొత్త కుండ తెప్పించేవారు. పాతదాన్ని పెరట్లో పక్షులకు పెట్టేవారు. కారణం ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు, కానీ పద్ధతి మాత్రం సరైనది. కొత్తది కొనలేని వాళ్లు పీచుతో బయట గట్టిగా రుద్ది, ఒక రాత్రి మంచి నీళ్లలో నానబెడితే కొంత మెరుగవుతుంది. సబ్బు మాత్రం వద్దు, ఆ రంధ్రాల్లోకే దిగుతుంది.

ఇక విశాఖ. అక్కడి కుండకు లోపమేమీ లేదు, తేడా గాలిలో ఉంది. గాలి కొంత తేమను మాత్రమే పట్టుకోగలదు. ఇప్పటికే తేమ నిండుగా ఉన్న గాలిలోకి నీరు వెళ్లినంత, దాదాపు అంతా తిరిగి వచ్చేస్తుంటుంది. అంటే నికరంగా ఆవిరయ్యేది తక్కువ.

థర్మామీటర్ బల్బు చుట్టూ తడి గుడ్డ చుట్టి గాలి తగిలేలా పెడితే, అది ఒక చోటికి దిగి ఆగుతుంది. ఆ గాలిలో తడి వస్తువు అంతకంటే చల్లబడడం సాధ్యం కాదు. మా దగ్గర 44 డిగ్రీలు, గాలిలో తేమ 15 శాతం అనుకుందాం, తడి థర్మామీటర్ 23 దగ్గర ఆగుతుంది. సముద్రం ఒడ్డున 34 డిగ్రీలు, తేమ 75 శాతం ఉంటే అది 30 దగ్గరే ఆగిపోతుంది. అక్కడ ఎంత మంచి కుండ తెచ్చినా, ఎంత గాలిలో పెట్టినా నాలుగు డిగ్రీలకు మించి దిగదు. ఇక్కడ ఇరవై డిగ్రీల దాకా అవకాశం ఉంది. కుండ ఆ హద్దును పూర్తిగా అందుకోకపోయినా సగానికి పైగా దిగితే చాలు, చేతికి హాయిగా తగులుతుంది. పొడిగాలి తగిలే నీడలో, కింద గాలి ఆడేలా స్టాండు మీద పెట్టాలి. వంటింటి మూల వద్దు.

ఎయిర్ కూలర్ కథ కూడా ఇదే. హైదరాబాద్‌లో ఏప్రిల్‌లో బ్రహ్మాండంగా పనిచేసిన కూలర్ జూన్ వానలు పడగానే చిరాకు పుట్టిస్తుంది. కొందరు ఏసీలాగా కిటికీలన్నీ మూసి కూలర్ వేస్తారు. అరగంటలో గదంతా తేమతో నిండిపోయి జిగట జిగటగా తయారవుతుంది. కూలర్ వేసినప్పుడు ఒక కిటికీ తెరిచే ఉంచాలి.

ఇవన్నీ సౌకర్యం సంగతులు. మన ఒళ్లు కూడా ఒక తడి వస్తువే, అందుకే ఈ ప్రశ్న నాకు ఇంత ముఖ్యం. చెమట పట్టడం వల్ల చల్లబడం, చెమట ఆరడం వల్ల చల్లబడతాం. చర్మం సుమారు 35 డిగ్రీల దగ్గర ఉంటుంది. తడి థర్మామీటర్ కూడా 35 చూపిస్తే చెమట చేయగలిగింది ఇక ఏమీ లేదు, నీడలో కూర్చున్నా ఒంటి వేడి బయటికి పోదు. నిజానికి అంతదాకా వెళ్లక్కరలేదు. 2022లో అమెరికాలో ఆరోగ్యవంతులైన యువతీయువకుల మీద చేసిన ప్రయోగాల్లో, తేమ గాలిలో తడి థర్మామీటర్ 31 డిగ్రీల చుట్టుపక్కలకు రాగానే శరీరం వేడిని అదుపు చేసుకోలేకపోవడం మొదలైంది. పెద్దవయసు వాళ్లకు హద్దు ఇంకా తక్కువ.

మన వాతావరణ శాఖ కూడా వడగాడ్పులు ప్రకటించడానికి మైదానాల్లో 40 డిగ్రీలు చూస్తుంది, తీరంలో 37 చాలంటుంది. 2015 మే నెల మనవాళ్లు మరిచిపోలేదు, మన రెండు రాష్ట్రాల్లో సుమారు 2,000 మంది పోయారు. "మా దగ్గర 36 డిగ్రీలే కదా" అని తీరంలో ఉండే బంధువులు ఫోన్లో అంటే నాకు ఆందోళన పుడుతుంది. తేమ ఎంతో చూడకుండా ఆ 36కు అర్థం లేదు.

ఫ్యాన్ గురించి ఒక్క మాట. ఫ్యాన్ గాలిని చల్లబరచదు, చెమట త్వరగా ఆరేలా చేస్తుందంతే. గది 40 డిగ్రీలు దాటితే ఒంటికంటే వేడి గాలిని మన మీదికి తోస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఆ స్థితిలో ఫ్యాన్‌ను నమ్ముకోవద్దంటుంది. మా వైపు పొడి ఎండలో తడి తువ్వాలు కప్పుకుని ఫ్యాన్ కింద కూర్చుంటే లాభం ఉంటుంది, ఎందుకంటే అప్పుడు ఆరేది తువ్వాలు. తేమ ఊళ్లలో ఆ తువ్వాలు అంతగా ఆరదు. అక్కడ చల్లటి నీళ్లతో ఒళ్లు తడుపుకోవడం, పనిని ఉదయానికి మార్చుకోవడం మేలు.

విశాఖ, కాకినాడ, మచిలీపట్నంలో ఉన్నవాళ్లు ఒక ల్యాబ్ థర్మామీటర్ తెచ్చుకోండి. జ్వరం చూసేది పనికిరాదు. బల్బుకు పల్చటి నూలు గుడ్డ చుట్టి, గుడ్డ చివర చిన్న గిన్నెడు నీళ్లలో ఉంచి, నీడలో ఫ్యాన్ ముందు పావుగంట పెట్టండి. అది 30 దగ్గరికి వచ్చిన రోజు మధ్యాహ్నం ఇంట్లో పెద్దవాళ్లను బజారుకు పంపకండి, మేస్త్రీ పనుల్లో ఉన్నవాళ్లకు కాసేపు నీడలో కూర్చోమని, నీళ్లు తాగమని మీరే గట్టిగా చెప్పండి.