పుల్‌మన్‌లో డిస్కస్ ఆపేశారు

2025 జూన్‌లో ఒకరోజు పొద్దున మావాడు అమెరికా నుంచి ఫోన్ చేసి, "నాయనా, మా యూనివర్సిటీలో డిస్కస్ తీసేసినారు" అన్నాడు.

"తీసేసేదేందిరా?"

"డిస్కస్, షాట్‌పుట్, జంపులు, ఫీల్డ్ ఈవెంట్లన్నీ. స్ప్రింట్లు, హర్డిల్స్ కూడా తగ్గిస్తారంట. ఇంక దూరం పరుగుల మీదే పెడతారంట."

ఫోన్ పెట్టేశాక చాలాసేపు మిద్దె మీదే ఉండిపోయాను. నేను అనంతపురంలో ఒక డిగ్రీ కాలేజీలో ఇరవై ఎనిమిదేళ్లు ఫిజికల్ డైరెక్టరుగా పనిచేసి రిటైరయ్యాను. అంతకు ముందు శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీ జెర్సీ వేసుకుని డిస్కస్ విసిరినవాణ్ణి. ఇప్పటికీ పొద్దున్నే గ్రౌండ్‌కు పోతాను, నా దగ్గర నేర్చుకునే పిల్లలు ఏడుగురున్నారు. అందుకే ఆ మాట అంత గట్టిగా తగిలింది.

మావాడు వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీలో మట్టి మీద పరిశోధన చేస్తున్నాడు. ఆ యూనివర్సిటీ ఉండే ఊరు పుల్‌మన్. 2023 ఆగస్టులో నేనూ మా ఇంటావిడా వెళ్లి మూడు నెలలున్నాం. కోతలైపోయిన గోధుమ చేల గుట్టలు కనుచూపు మేర పరుచుకుని ఉండేవి. వానను నమ్ముకుని పండించే నేల అదీ. మా చెనిక్కాయ చేలు చూసిన కంటికి ఆ ఊరు పరాయిదనిపించలేదు. ఊరి జనాభా సుమారు 33,000. అమెరికన్ ఫుట్‌బాల్ ఆడే స్టేడియంలో పట్టే జనం కూడా ఇంచుమించు అంతే.

రోజూ పొద్దున ట్రాక్ దగ్గరికి నడిచేవాణ్ణి. హెన్రీ రోనో చదివిన యూనివర్సిటీ అది. 1978లో 81 రోజుల్లో నాలుగు ప్రపంచ రికార్డులు బద్దలు కొట్టిన కెన్యా మనిషి. ఆయన పేరు నేను కాలేజీ రోజుల్లోనే విన్నాను. ఆ ట్రాక్ పక్కన ఒక అమ్మాయి డిస్కస్ ప్రాక్టీస్ చేసేది. తిరిగేటప్పుడు ఎడమ కాలు కాస్త తొందరగా దించేది. చెప్పాలని నోటిదాకా వచ్చేది, కానీ ఆమె కోచ్ పక్కనే ఉండేవాడు, మనం కల్పించుకోకూడదు కదా.

మేము వెళ్లేసరికే ఆ ఊళ్లో అందరి నోటా ఒకటే మాట. వాళ్లుండే కాన్ఫరెన్స్ పేరు పాక్-12. అప్పటికి పన్నెండు యూనివర్సిటీలు కలిసి ఆడుకునే కూటమి. దానికి 1915 డిసెంబరులో పునాది పడింది, ఆటలు 1916లో మొదలయ్యాయి. మా అనంతపురం ఆర్ట్స్ కాలేజీ పుట్టిందీ 1916లోనే. అంత పాత కూటమిని 2022 జూన్ 30న మొదట లాస్ ఏంజెలెస్ యూనివర్సిటీలు రెండు, యూఎస్‌సీ, యూసీఎల్ఏ వదిలాయి. 2024 నుంచి బిగ్ టెన్ అనే ఇంకో కూటమిలో ఆడతామన్నాయి. అదే ఆగస్టులో బిగ్ టెన్ ఏడేళ్లకు 700 కోట్ల డాలర్లు దాటే టీవీ ఒప్పందం చేసుకుంది. మరుసటి ఏడాది కొలరాడో పోయింది. 2023 ఆగస్టు 4న ఒక్కరోజే ఐదు పోయాయి. సెప్టెంబరు 1న స్టాన్‌ఫర్డ్, కాల్ (బర్క్‌లీలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ) కూడా పోయాయి. చివరికి మిగిలింది ఇద్దరే, వాషింగ్టన్ స్టేట్, ఆరెగన్ స్టేట్. రెండూ చిన్న ఊళ్లవి, రెండూ వ్యవసాయ చదువుల మీద పెరిగినవి.

ఆ మిగిలిన ఇద్దరికీ సెప్టెంబరు 23న పుల్‌మన్‌లోనే మ్యాచ్ జరిగింది. ఎవరికీ అక్కర్లేని జట్ల మ్యాచ్ అని అదేరోజు టీవీలో ఒక పెద్దమనిషి అన్నాడు. ఆ మాట ఊరంతా తెలిసిపోయింది. నాకు ఆ ఆట రూల్స్ సగమే తెలుసు, మావాడు పక్కన కూర్చుని చెప్తూ వచ్చాడు. 38-35తో పుల్‌మన్ గెలిచింది. మా వెనక వరసలో ఒక ముసలాయన కళ్లు తుడుచుకోవడం చూశాను. నా సర్వీసులో వందల మ్యాచ్‌లు నడిపాను. గెలిచాక అంత బాధగా కూర్చున్న మనిషిని చూడలేదు.

డబ్బు ఎట్లా పంచుకుంటారో తెలుసుకోవాలని అప్పటినుంచి చదువుతూనే ఉన్నాను. వదిలేసి పోయినవాళ్లకూ సమాన వాటా దక్కలేదు. ఆరెగన్, వాషింగ్టన్ యూనివర్సిటీలు (పేర్లలో స్టేట్ ఉన్నవి వేరు, ఇవి వేరు) బిగ్ టెన్‌లో పాతవాళ్లకు వచ్చేదాంట్లో సగం దగ్గరికి, ఏడాదికి సుమారు 3 కోట్ల డాలర్లకు ఒప్పుకున్నాయి. స్టాన్‌ఫర్డ్, కాల్ పసిఫిక్ ఒడ్డున ఉండి, పేరులోనే అట్లాంటిక్ తీరం ఉన్న ఏసీసీ కూటమిలో చేరాయి. అదీ మొదటి ఏడేళ్లు 30 శాతం వాటాకే. వాళ్లతోపాటే చేరిన డాలస్ యూనివర్సిటీ ఎస్ఎంయూ తొమ్మిదేళ్లపాటు టీవీ డబ్బు అసలు వద్దంది. ఇంటికి దూరంగా, తక్కువ కూలికి, అయినా పోయారు. వెనక మిగిలిపోతామనే భయం ఎంత పెద్దదో అందులోనే తెలుస్తుంది.

ఇది కొత్తదేమీ కాదు. బిగ్ 12 అనే మరో కూటమిలో ఒకప్పుడు టీవీ డబ్బు సగం సమానంగా పంచి, మిగతా సగం ఎవరు టీవీలో ఎన్నిసార్లు కనిపిస్తే అంతని ఇచ్చేవాళ్లు. పైగా 2011లో టెక్సాస్ యూనివర్సిటీ 20 ఏళ్లకు 30 కోట్ల డాలర్లకు సొంత చానెల్ పెట్టుకుంది. నెబ్రాస్కా, కొలరాడో, మిస్సౌరీ, టెక్సాస్ ఏ అండ్ ఎం ఒక్కొక్కటే జారుకున్నాయి. చివరికి టెక్సాస్ కూడా ఓక్లహోమాతో కలిసి 2024లో ఎస్ఈసీ అనే కూటమికి పోయింది.

కళ్యాణదుర్గం వైపు మా తాతల ఊళ్లో ఒక ఉమ్మడి బావి ఉండేది. నాలుగిళ్లవాళ్లకు వంతులు. ఎనిమిదెకరాలున్నవాడికీ ఒక పగలు, ఒక రాత్రే, రెండెకరాలున్నవాడికీ అంతే. ఎక్కువ పొలమున్న ఆయన రెండు వంతులు కావాలని పంచాయితీ పెట్టాడు. పూడిక తీసేటప్పుడు ఇంటికొక మనిషే దిగుతున్నాడు కదా, మరి నీళ్లెట్లా రెండింతలు తోడుకుంటావని మా తాత అడిగాడంట. ఆయన జవాబు చెప్పలేక, కొన్నేళ్లకు బావికి ఇరవై గజాల దూరంలో బోరు వేయించుకున్నాడు. బావి ఎండిపోయింది. ఇప్పుడందులో కంపచెట్లు మొలిచాయి.

ఎక్కువ వాటా కావాలన్న టెక్సాస్, ఫ్లోరిడా స్టేట్ వాళ్ల మాటలో న్యాయమే లేదని నేననను. లక్షమంది పట్టే స్టేడియం నింపేవాడు నాకు కాస్త ఎక్కువివ్వండి అంటే వినాల్సిందే. కానీ మ్యాచ్ ఒక్క జట్టుతో జరగదు. ఏసీసీలో ఫ్లోరిడా స్టేట్, క్లెమ్సన్ యూనివర్సిటీలు కోర్టుకెక్కాక 2025 మార్చిలో రాజీ కుదిరింది. టీవీ డబ్బులో 40 శాతం అందరికీ సమానం, 60 శాతం ఎవరి మ్యాచ్‌లు ఎంతమంది చూస్తే అంత. వినడానికి బాగుంది. కానీ ఏ జట్టు ఏ టైంలో ఆడాలో నిర్ణయించేది చానెల్ వాళ్లు. పడమటి తీరంలో రాత్రి ఏడున్నరకు మ్యాచ్ పెడితే తూర్పున అప్పటికి పదిన్నర, సగం దేశం పడుకునే వేళ. నిద్రపోయేవాళ్ల వేళ ఆడించి, నిన్నెవరూ చూడలేదు కాబట్టి వాటా తక్కువంటే ఆ జట్టు ఏం చేయాలి?

మా దగ్గరా ఇట్లాంటి గొడవ ఒకటి చూశాను. మెడల్స్ తెచ్చిన కాలేజీలకే కోచింగ్ క్యాంపు డబ్బు ఇవ్వాలని ఒక పెద్ద కాలేజీ పట్టుబట్టింది. ఒక ఏడాది అట్లే జరిగింది. స్పోర్ట్స్ ఫీజు మాత్రం పల్లె కాలేజీల పిల్లలు కూడా కట్టారు. ఆ ఏడాది నా దగ్గర మంచి త్రోయర్ ఒకమ్మాయి ఉండేది. క్యాంపు లేదని తెలిశాక వాళ్ల నాయన చదువు కూడా మాన్పించేశాడు. ఆ కోపం నాకింకా తగ్గలేదు.

2008లో కర్నూలులో రాయలసీమ యూనివర్సిటీ వచ్చి, ఆ జిల్లా కాలేజీలు మా శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీ నుంచి విడిపోయినప్పుడు కూడా నాకు బెంగగానే ఉండింది. నంద్యాల, ఆదోని పిల్లలతో పోటీ పోయింది. అయితే ఆ విడిపోవడం వల్ల పిల్లల బస్సు ప్రయాణం తగ్గింది. అమెరికాలో జరిగింది దీనికి తిరగబడి ఉంది. లాస్ ఏంజెలెస్ వాలీబాల్ అమ్మాయిలు కాన్ఫరెన్స్ మ్యాచ్ కోసం న్యూజెర్సీకి, దాదాపు 4,000 కిలోమీటర్లు పోవాలి. డబ్బు తెచ్చేది ఫుట్‌బాల్, ఒళ్లు హూనం చేసుకునేది మిగతా ఆటల పిల్లలు. పరీక్షల ముందు రాత్రంతా బస్సులో వచ్చి నిద్రమొహాలతో దిగే పిల్లల్ని నేను చూశాను కాబట్టి ఇది నాకు లెక్కల విషయం కాదు.

పుల్‌మన్ వాళ్లు ఊరికే కూర్చోలేదు. పక్కనే ఉన్న కోల్‌ఫాక్స్ కోర్టులో దావా వేసి, 2023 నవంబరులో కాన్ఫరెన్స్ పగ్గాలు తమ ఇద్దరికే దక్కేలా గెలుచుకున్నారు. 2025 సీజన్‌లో ఆ ఇద్దరే ఒకరితో ఒకరు రెండుసార్లు ఆడారు. 2026 నుంచి బోయిసీ స్టేట్, శాన్ డియాగో స్టేట్ లాంటివాళ్లు వచ్చి చేరేలా ఒప్పందం చేసుకున్నారు. అందులో ఐదు జట్లు మౌంటెన్ వెస్ట్ కూటమివే. వాళ్లు వదిలేసిన వయోమింగ్, న్యూ మెక్సికో ఊళ్లలో ఇప్పుడు ఎవరెట్లా కూర్చుని ఉంటారో అనుకుంటే నాకు మనసు బాగుండదు. మావాడితో ఆ మాటంటే, "మాకు వేరే దారేముంది నాయనా" అన్నాడు. వాడు "మాకు" అన్నాడు, నేనది గమనించాను.

క్రీడాకారులకు యూనివర్సిటీలు నేరుగా డబ్బివ్వడం 2025 నుంచి మొదలైంది. మొదటి ఏడాది 2.05 కోట్ల డాలర్ల దాకా ఇవ్వొచ్చన్నారు. ఆడేవాళ్లకు డబ్బు దక్కాలి, దానికి నేను పూర్తిగా ఒప్పుకుంటాను. కానీ టీవీ డబ్బు పోయిన చోట ఆ ఖర్చుకు ఎక్కడో కోత పెట్టాలి. పుల్‌మన్‌లో ఆ కోత డిస్కస్ దాకా వచ్చింది.

ఆ అమ్మాయి ఏమైందని అడిగితే మావాడికి తెలియదు. ఈసారి అటువైపు పోయినప్పుడు ఆ సర్కిల్ ఎట్లుందో చూసి చెప్పమన్నాను.